గార్గి రెండవ ప్రశ్న

హైదరాబాదు నుండి వికారాబాదు వైపు పోవు బాటలో మొదట మొయినాబాదు, దానికి ఆవల చేవెళ్ల తగులును. ఊడలు దిగిన మఱ్ఱిచెట్లకు ఈ బాట పేరు గన్నది. ఎఱ్ఱ నేలలు, మెట్ట పొలములు, అక్కడక్కడ బండరాతి గుట్టలు, వాననీటిని పట్టి నిలుపు చెరువులు – ఇదియే ఆ సీమ స్వరూపము. మొయినాబాదు మండలములోని ఎనికేపల్లి గ్రామమున 2023వ సంవత్సరమున పురాతత్త్వ పరిశోధకుడు ఈమని శివనాగిరెడ్డి రెండు పాత రాతి స్తంభములను గుర్తించెను. ఒకటి గ్రానైటు రాయి, రెండవది నల్లరాయి. నలుపలకలుగా చెక్కిన ఆ స్తంభములపై ఆదినాథుడు, నేమినాథుడు, పార్శ్వనాథుడు, వర్ధమాన మహావీరుడు అను నలుగురు జైన తీర్థంకరులు ధ్యానమున కూర్చుండిరి. తెలుగు కన్నడములకు ఉమ్మడిగా నుండిన ఆనాటి లిపిలో శాసనములు కూడ వానిపై కలవు. అవి 9, 10 శతాబ్దముల నాటివనియు, ఆ కాలమున చేరువనున్న చిలుకూరు ఒక జైన క్షేత్రమనియు ఆయన తెలిపెను. కాని ఆ శాసనములను చదువుటకు అప్పుడు వీలు కాలేదు. ఏలయన, ఎన్నడో ఎవరో ఆ రాళ్లను తెచ్చి ఊరి చెరువు తూము గోడలో బిగించిరి.

ఆ పని చేసినవారిని నిందింప బనిలేదు. చెరువు నిండినప్పుడు తూము నిలువవలెను. తూము నిలిచినగాని పైరు నిలువదు. పైరు కావలసిన వానికి పలకగా చెక్కిన రాయి యేదైనను రాయియే. బసది పాడుపడి, అక్షరములు చదువగలవారు లేకపోయిన పిమ్మట ఆ రాతికి దక్కిన ఉద్యోగమది. అయినను ఒక్క సంగతి గమనింపదగినది. ఆ రాయి పోలేదు, పగులలేదు, అందరికిని కనబడుచునేయున్నది. దాని మాట మాత్రము గోడలో నుండిపోయినది.

ప్రాచీన లోకమున తత్త్వవిచారము చేసిన స్త్రీల సంగతియు చాలవరకు ఇట్లే యున్నది. వారి పేర్లు పోలేదు. గార్గి, మైత్రేయి అను పేర్లను నేడును తల్లిదండ్రులు ముచ్చటపడి కూతుండ్రకు పెట్టుకొనుచున్నారు. స్త్రీవిద్యను గూర్చి సభలలో మాటలాడు ప్రతివారును ఆ రెండు పేర్లను పలుకకుండ ఉపన్యాసము ముగింపరు. ఆ గార్గి అడిగినదేమి యని ఆ వక్తనే యడిగినచో, పదిమందిలో తొమ్మండుగురు తడబడుదురు. ఒక వీరుని తలచుకొనుట యన్న అతడు చేసిన యుద్ధమును తలచుకొనుట. ఒక కవిని తలచుకొనుట యన్న అతని కావ్యమును తలచుకొనుట. తత్త్వవేత్తకు ప్రశ్నయే యుద్ధము, ప్రశ్నయే కావ్యము. కావున గార్గిని ఆమె ప్రశ్నలతోనే చూడవలెను.

ఆ కథ బృహదారణ్యకోపనిషత్తులో నున్నది. విదేహ దేశాధిపతి యైన జనకుడు బహుదక్షిణమైన యజ్ఞము నొకటి చేసెను. కురు పాంచాల దేశముల నుండి విద్వాంసులు వచ్చిరి. వీరిలో అందరికంటె ఎక్కువ యెఱిగినవారెవరో తెలిసికొనగోరి, రాజు వేయి ఆవులను కట్టించి, ఒక్కొక్క ఆవు కొమ్ములకు పదేసి పాదముల బంగారము అమర్చి, మీలో మిక్కిలి బ్రహ్మజ్ఞుడైనవాడు వీనిని తోలుకొనిపోవచ్చునని ప్రకటించెను. ఎవరికిని నోరు రాలేదు. యాజ్ఞవల్క్యుడు తన శిష్యుని పిలిచి ఆవులను తోలుమనెను. సభ మండిపడెను. ఒకరి తరువాత ఒకరుగా పండితులు లేచి ఆయనను ప్రశ్నింపసాగిరి. అశ్వలుడు, ఆర్తభాగుడు, భుజ్యుడు, ఉషస్తుడు, కహోలుడు – ఈ యైదుగురు అడిగి ఊరకుండిరి. ఆరవదిగా లేచినది వచక్నుని కుమార్తె యైన గార్గి.

ఆమె ప్రశ్న మగ్గము నుండి పుట్టినది. బట్టలో నిలువున పోవు దారములు పడుగు, అడ్డముగా పోవునవి పేక. ఈ లోకమంతయు నీటిమీద పడుగు పేకలుగా నేయబడియున్నది గదా, ఆ నీరు దేనిమీద నేయబడినది అని ఆమె అడిగెను. గాలిమీద అని యాజ్ఞవల్క్యుడు చెప్పెను. ఆ గాలి దేనిమీద? అంతరిక్షముపై. అది దేనిమీద? ఇట్లు ఒక్కొక్క మెట్టే ఎక్కుచు సూర్యచంద్ర నక్షత్రలోకములను, దేవలోకమును, ప్రజాపతి లోకమును దాటి బ్రహ్మలోకము వరకు వచ్చి, అది దేనిమీద నేయబడినదని ఆమె అడిగెను. అక్కడ యాజ్ఞవల్క్యుడు అడ్డుకొనెను. అడుగరానిదానిని అతిగా అడుగుచున్నావు, ఇంకను అడిగినచో నీ తల పడిపోవునని హెచ్చరించెను. గార్గి మౌనము వహించెను.

లోకమున ప్రచారములో నున్న కథ చాలమారు ఇక్కడ ఆగును. ఆడుది హద్దు మీరి యడిగినది, ఋషి మందలించినాడు, ఆమె అడగినది – ఇంతే మిగులును. మూలగ్రంథము మాత్రము ఇక్కడ ఆగలేదు. గార్గి కూర్చున్న పిదప ఉద్దాలకుడు లేచి, సర్వమును కూర్చియుంచు సూత్రమేది, లోపలనుండి నడపు అంతర్యామి యెవరని అడిగి, సమాధానము విని ఊరకుండెను. అప్పుడు గార్గి మరల లేచెను. ఈమారు ఆమె ముందుగా సభవారి అనుమతి తీసికొనెను. ఇతనిని రెండు ప్రశ్నలడుగుదును, వానికి బదులు చెప్పెనా ఇక మీలో నెవ్వరును ఇతనిని జయింపజాలరని స్పష్టముగా పలికెను. కాశీరాజ్యపు వీరుడో, విదేహపు వీరుడో వింటికి నారి సంధించి రెండు వాడి బాణములతో శత్రువు నెదిరించినట్లు నేను రెండు ప్రశ్నలతో నీ యెదుట నిలిచినాననెను. మందలింపబడి అడగినదాని మాటలు కావివి.

మొదటి బాణము ఇది: ఆకాశమునకు పైనున్నది, భూమికి క్రిందనున్నది, ఈ రెంటి నడుమనున్నది, గడచినది, గడచుచున్నది, గడవబోవునది – ఇదియంతయు దేనిమీద పడుగు పేకలుగా నున్నది? ఇక్కడ ఆమె తెలివిని గుర్తింపవలెను. మొదటిమారు ఆమె లోకములను ఒకదానిపై నొకటిగా పేర్చుకొనుచు పోయెను. ఆ మార్గమున ఎంత పోయినను మరియొక మెట్టు కావలెను. రెండవమారు స్థలమును కాలమును మొత్తముగా ఒక్క ప్రశ్నలో చుట్టి యుంచెను. ఆకాశమునందు అని యాజ్ఞవల్క్యుడు చెప్పెను. రెండవ బాణము: ఆ ఆకాశము దేనియందు? పూర్వము తల పడిపోవునని బెదరించిన ప్రశ్నయే మరియొక రూపమున వచ్చినది. ఈమారు యాజ్ఞవల్క్యుడు బెదరింపలేదు. అక్షరము, అనగా నశింపనిది, స్థూలము కానిది, సూక్ష్మము కానిది, పొట్టిది కానిది, పొడుగుది కానిది, దేని యాజ్ఞచే సూర్యచంద్రులు తమ తమ తావుల నిలిచియున్నారో అదియే యని ఆయన సుదీర్ఘముగా బోధించెను. ఉపనిషత్తులలో ఎన్నదగిన ఆ బోధ గార్గి రెండవ ప్రశ్నకు వచ్చిన జవాబు. ఆ ప్రశ్న లేనిచో ఆ జవాబు లేదు.

అంతటితో ఆమె పని ముగియలేదు. సభవైపు తిరిగి, ఇతనికి నమస్కరించి బయటపడగలిగినచో అదియే చాలుననుకొనుడు, బ్రహ్మవాదమున ఇతనిని మీలో నెవ్వరును గెలువజాలరు అని తీర్పు చెప్పెను. వాదించినదియు ఆమెయే, తీర్పరియు ఆమెయే. విదగ్ధశాకల్యుడు అనువాడు ఆ తీర్పు వినలేదు. అడిగి అడిగి, చివరకు యాజ్ఞవల్క్యుడు ఎదురడిగిన ప్రశ్నకు బదులు చెప్పలేకపోగా, అతని తల నిజముగానే పడిపోయెనని ఆ గ్రంథమే చెప్పుచున్నది. పడిన తల శాకల్యునిది, గార్గిది కాదు. ఈ భాగమును విడిచి ముందరి బెదరింపును మాత్రమే చెప్పుకొనుట ఎంతటి అన్యాయమో వేరుగ చెప్పనక్కరలేదు.

అదే ఉపనిషత్తులో మైత్రేయి కథ రెండుమార్లు వచ్చును. యాజ్ఞవల్క్యుడు ఇల్లు విడిచిపోదలచి, తనకున్నదానిని ఇద్దరు భార్యలకు పంచబోవుచుండెను. ఈ భూమి యంతయు ధనముతో నిండి నాదైనచో దానివలన నేను మృత్యువును దాటుదునా అని మైత్రేయి అడిగెను. దాటవు, కలిగినవారి బ్రదుకువంటి బ్రదుకు మాత్రము నీకు లభించునని ఆయన చెప్పగా, అట్టిదానితో నాకేమి పని, నీవెఱిగినదానిని చెప్పుమనెను. లోకము జ్ఞాపకముంచుకొన్నది ఈ వైరాగ్యమును. ఆమె అంతకు మించినదియు చేసెను. నీటిలో వేసిన ఉప్పుగడ్డ కరగి, తిరిగి చేతికి దొరకకపోయినను ఎక్కడ చవిచూచినను ఉప్పగానే యున్నట్లు ఆత్మ యున్నదనియు, దేహము వీడిన పిమ్మట వేరుగ ఎఱుక లేదనియు ఆయన చెప్పగా, మైత్రేయి తల యూపలేదు. ఎఱుకయే స్వరూపమైనదానికి ఎఱుక లేదనుట ఏమి, ఇక్కడ నన్ను కలతపెట్టితివి అని ఎదురడిగెను. ఆ యాక్షేపణ వలననే యాజ్ఞవల్క్యుడు తన మాటను ఇంకను విప్పి చెప్పవలసివచ్చెను. రెండవ భార్య కాత్యాయనిని ఆ గ్రంథము ఇంటి తెలివి కలదని ఒక్క మాటతో విడిచినది. ఇరువురు జ్ఞానులున్న ఆ యింట పొయ్యి వెలిగించినదెవరో ఆ ఒక్క మాట చెప్పకయే చెప్పుచున్నది.

స్మృతికి మరియొక మార్గము కలదు. ఆశ్వలాయన గృహ్యసూత్రములో వేదాధ్యయనము చేయువాడు ఏయే పూర్వులకు నీరు విడువవలెనో ఒక పట్టిక యున్నది. దేవతలు, ఋషులు, పిమ్మట ఆచార్యులు. ఆ వరుసలో ముగ్గురు స్త్రీల పేర్లు వచ్చును: గార్గీ వాచక్నవి, వడవా ప్రాతిథేయి, సులభా మైత్రేయి. తల్లిగా కాదు, పత్నిగా కాదు, ఆచార్యుల వరుసలో వారికి జలతర్పణము విధింపబడినది. తరతరములుగా ఎందరో ఈ పేర్లు పలికి దోసిట నీరు విడిచిరి. అయినను వడవా ప్రాతిథేయి ఏమి బోధించెనో తెలుపు వాక్యము ఒక్కటియు మనవరకు రాలేదు. పేరు వినబడుచున్నది, నీరు పడుచున్నది. ఆమె తలపు లేదు.

సులభ అను పేరు మహాభారతమునందు, శాంతిపర్వములోని మోక్షధర్మములో, విపులముగా కనబడును. రాజ్యము చేయుచునే తాను ముక్తుడనని చెప్పుకొనుచున్న జనకుని పరీక్షింపగోరి భిక్షుకి యైన సులభ అతని కొలువునకు వచ్చి, యోగబలమున అతని చిత్తమున ప్రవేశించెను. రాజు కోపించెను. నీవెవతెవు, ఎవరిదానవు, ఎక్కడినుండి వచ్చితివి అని అడిగి, స్త్రీవై యుండి ఇట్లు చేయుట తగునా యని పరుషముగా మాటలాడెను. సులభ తొట్రుపడలేదు. మొదట మంచి వాక్యమునకు ఉండవలసిన గుణములేవో చెప్పి, పిదప విషయమునకు వచ్చెను. లక్క కఱ్ఱతోను, ధూళి నీటిబొట్టుతోను కలిసినట్లు ఎన్నియో అంశములు కూడి ఈ దేహమేర్పడుచున్నది. దీపజ్వాలవలె అది క్షణక్షణము మారుచున్నది. ఇట్టిదానిని పట్టుకొని ఎవరిదానవని అడుగువానికి ముక్తి యెక్కడిది? స్నానమునకు, భోజనమునకు, నిద్రకు కూడ ఇతరులపై నాధారపడు రాజు స్వతంత్రుడెట్లగును? ఇట్లు సాగిన ఆమె వాదమునకు జనకుడు మారుమాట పలుకలేకపోయెను. ఇంతటి వాదము చేసిన సులభ పేరు గార్గి పేరువలె జనుల నోట నిలువలేదు. మందలింపు లేదు, పెండ్లి లేదు, చావు లేదు. ఉన్నది వాదము మాత్రమే. కథలు చెప్పువారికి వాదమొక్కటియే చాలదు కాబోలు.

బౌద్ధుల వాఙ్మయమున స్త్రీల పలుకులు మరికొంత మేలుగ నిలిచినవి. పాలి భాషలోని థేరీగాథ ఆదికాలపు భిక్షుణుల పేర వెలసిన 73 పద్యఖండముల సంపుటము. ఒక గ్రంథమంతయు స్త్రీల పలుకులే యగుట ప్రాచీన లోకమున మిక్కిలి అరుదు. మజ్ఝిమనికాయములోని ఒక సూత్రమున ధమ్మదిన్న అను భిక్షుణి, తన పూర్వాశ్రమపు భర్త యైన విశాఖుడు వరుసగా అడిగిన సూక్ష్మప్రశ్నలకు బదులు చెప్పెను. అతడు పోయి ఆ బదులులను బుద్ధునికి విన్నవింపగా, నన్నడిగినను ఇట్లే చెప్పియుందునని బుద్ధుడు మెచ్చుకొనెనట. ఆమె మాటలు నిలుచుటకు ఆ మెచ్చుకోలు కారణమైనది. అట్టి ముద్ర పడని మాటలు ఎన్ని పోయినవో ఊహింపవచ్చును.

దీనికి మంచి నిదర్శనము కుండలకేశ. ఆమె మొదట జైన సంఘమున చేరి, శాస్త్రములు నేర్చి, వాదమున దిట్ట యయ్యెను. ఊరి వాకిట ఇసుక కుప్పపై నేరేడు కొమ్మ నాటి, వాదింప దలచినవారు దీనిని త్రొక్కుడని సవాలు చేయుచు దేశము తిరిగెను. శ్రావస్తిలో సారిపుత్రుడు ఆ సవాలు నందుకొనెను. తనకు తెలిసిన ప్రశ్నలన్నియు ఆమె అడిగెననియు, అతడు అన్నింటికి బదులు చెప్పెననియు, పిదప అతడడిగిన ఒక్క చిన్న ప్రశ్నకు, ఒకటి యనగానేమి అనుదానికి, ఆమె చెప్పలేకపోయెననియు బౌద్ధ వ్యాఖ్యానములు తెలుపుచున్నవి. ఆమె బౌద్ధ సంఘమున చేరెను. ఇచట గమనింపదగినది: ఆమె చెప్పలేకపోయిన ఆ యొక్క ప్రశ్న గ్రంథమున కెక్కినది, ఆమె అడిగిన ప్రశ్నలలో ఒక్కటియు ఎక్కలేదు. ఆమె పేర తమిళమున కుండలకేశి యను బౌద్ధ మహాకావ్యము వెలసినది. అదియు నశించి, కొన్ని పద్యములు మాత్రము ఇతర గ్రంథములలో ఉదాహరణములుగా మిగిలినవి. దానిని ఖండించుటకై జైనులు వ్రాసిన నీలకేశి మాత్రము నిలిచినది. నీలకేశియందును వాదము నడపునది స్త్రీయే.

జైనుల ప్రసక్తి వచ్చినది గనుక మరియొక ముచ్చట చెప్పవలెను. జైన సంఘమునకు సాధువులు, సాధ్వులు, శ్రావకులు, శ్రావికలు అని నాలుగంగములు. ఇందు రెండు స్త్రీలవే. అయినను స్త్రీ ఆ జన్మముననే మోక్షము పొందగలదా లేదా అనుటపై వారిలో శతాబ్దముల తరబడి వాదము నడచెను. పొందలేదని దిగంబరులు, పొందగలదని శ్వేతాంబరులు అనిరి. దక్షిణాపథమున యాపనీయులను శాఖ యొకటి ఉండెడిది. వారి మునులు దిగంబరులవలె వస్త్రము విడిచి తిరిగినను, స్త్రీకి మోక్షము కలదనియే వాదించిరి. 9వ శతాబ్దమున రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలపువాడైన శాకటాయనుడను యాపనీయ పండితుడు ఈ విషయముపైననే స్త్రీముక్తి ప్రకరణము అను గ్రంథము రచించెను. తెలుగునాట కూడ ఆ శాఖ యుండెననుటకు వేంగీ చాళుక్యుడైన రెండవ అమ్మరాజు దానశాసనము సాక్షి. చిలుకూరు, ఎనికేపల్లి ప్రాంతములలో జైనము వెలసిన కాలము ఇంచుమించుగా ఇదియే. స్త్రీని గూర్చి ఇంత దీర్ఘముగా సాగిన ఆ వాదమున గ్రంథములు వ్రాసినవారు పురుషులు. ఏ సాధ్వి ఏమనెనో తెలుపు గ్రంథము నిలువలేదు.

గ్రంథము నిలుచుట ఎంత కష్టమో ఆ కాలపు స్త్రీ యొకతె బాగుగ నెఱిగినది. వేంగీ మండలపు కమ్మనాటి నుండి కన్నడ దేశమునకు పోయి స్థిరపడిన కుటుంబములో పుట్టిన అత్తిమబ్బె, పొన్నకవి రచించిన శాంతిపురాణము నశించిపోవునేమో యని వేయి తాటాకు ప్రతులు వ్రాయించి పంచిపెట్టెనని ప్రసిద్ధి. ఆమె తత్త్వవేత్త కాదు, దాత. లక్కుండిలోని 1007వ సంవత్సరపు శాసనము ఆమె దానములను కీర్తించుచున్నది. తాను నమ్మిన గ్రంథమునకు వేయి ప్రతులు కలిగించినది గనుకనే అది నిలిచినది. వడవా ప్రాతిథేయికి అట్టి అత్తిమబ్బె దొరకలేదు.

తెలుగు దేశపు రాళ్లలో ఇంతకు పూర్వపు స్త్రీలును కలరు. అమరావతి స్తూపపు శాసనములలో భిక్షుణుల పేర్లు పెక్కులున్నవి. వానిలో ఉపాధ్యాయిని, అంతేవాసిని అను మాటలు వచ్చుచున్నవి. అనగా బోధించు స్త్రీ, ఆమెయొద్ద చదువుకొను స్త్రీ. కృష్ణాతీరమున దాదాపు రెండువేల యేండ్లనాడు స్త్రీలకు స్త్రీలే గురువులుగా నుండిరనుటకు ఈ రెండు మాటలే చాలును. నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజుల కాలమున మహాచైత్యమును కట్టించినది శాంతమూలుని సోదరి చాంతిసిరి. సింహళ భిక్షువుల కొరకు చైత్యగృహమును నిర్మింపజేసినది బోధిసిరి అను ఉపాసిక. శాసనములు ఇచ్చినదానిని చెప్పును, నేర్పినదానిని చెప్పవు. ఆ ఉపాధ్యాయిని నేర్పిన పాఠమేదో రాతిమీద లేదు. నాగార్జునసాగరము కట్టుటకు పూనుకొన్నప్పుడు 1954 నుండి 1960 వరకు ఆ లోయనంతను త్రవ్వి, నీటిపాలు కాకుండ శిల్పములను శాసనములను కొండమీదికి చేర్చిరి. అక్కడ నీరు వచ్చుచున్నదని రాళ్లను తరలించిరి. ఎనికేపల్లిలో నీటిని నిలుపుటకే రాళ్లను వాడుకొనిరి.

పడమటి దేశములలోను ఈ తీరు భిన్నము కాదు. గ్రీకు దేశమున ప్లేటో తన గ్రంథమున సోక్రటీసు నోట డయోటిమా అను స్త్రీని తన గురువుగా పేర్కొనజేసినాడు. ఆమె మాటలన్నియు ప్లేటో వ్రాసినవే. హిప్పార్కియా అను ఆమె విందులో వాదము చేసి, థియోడోరసు అనువానిని నోరెత్తకుండ చేసినది. అతడు బదులు చెప్పలేక, మగ్గము విడిచి వచ్చినదానవు నీవేనా అని ఎత్తిపొడిచెను. మగ్గమునకు పెట్టవలసిన కాలమును చదువునకు పెట్టుట చెడ్డ లెక్కయా అని ఆమె తిరిగి యడిగెను. గార్గి మగ్గమునుండియే లోకమును చూచినదని ఆ థియోడోరసుకు తెలియదు.

అందరికంటె ఎక్కువగా కథలకెక్కినది అలెగ్జాండ్రియా నగరపు హైపేషియా. గణితవేత్త యైన థియోను కుమార్తె. జ్యోతిర్గణితము, తత్త్వము బోధించెను. దూరదేశముల నుండి శిష్యులు వచ్చిరి. 415లో మతవిద్వేషముతోడి రాజకీయపు కలహమున ఒక గుంపు ఆమెను క్రూరముగా చంపెను. ఆ చావు మీద నవలలు, నాటకములు, 2009లో ఒక చలనచిత్రము కూడ వచ్చినవి. ఆమె శిష్యుడు, పిదప క్రైస్తవ మతాచార్యుడైన సినీసియసు ఆమెకు వ్రాసిన ఏడు జాబులు మిగిలినవి. ఒకదానిలో అతడు ద్రవముల బరువును కొలుచు పరికరము నొకదానిని చేయించి పంపుమని ఆమెను కోరును. మరియొకదానిలో, రోగముతో పడియుండి, తల్లీ, సోదరీ, గురువా అని సంబోధించును. ఆమె వ్రాసిన బదులు ఒక్కటియు మిగులలేదు. ఆమె ఎట్లు చచ్చెనో లోకమునకు తెలియును. ఏమి తలచెనో ఆ జాబులలోని నీడవలన ఊహింపవలసినదే.

ఇట్లు చెదరిన పేర్లను ఏరి కూర్చవలెనను తలపు 1690లో ఫ్రెంచి పండితుడు జీల్ మెనాజ్‌కు కలిగెను. పాత గ్రంథములన్నియు వెదకి 65 మంది ప్రాచీన స్త్రీ తత్త్వవేత్తలను గూర్చి అతడు లాటినున గ్రంథము రచించెను. కొందరిని గూర్చి అతనికి దొరకినది ఒక్క వాక్యమే.

తెలుగున పద్ధతి కొంచెము వేరుగ నడచినది. 18వ శతాబ్దమున పుట్టిన తరిగొండ వెంగమాంబ వాసిష్ఠ రామాయణమును ద్విపదగా రచించి, తత్త్వవిచారమును తెలుగు స్త్రీ చేతికి తెచ్చినది. మూలమైన యోగవాసిష్ఠమున చూడాల అను రాణి కథ కలదు. భార్య చెప్పిన వేదాంతమును భర్త పెడచెవిని పెట్టగా, ఆమె బ్రాహ్మణ బాలుని వేషమున వచ్చి ఆ మాటలనే చెప్పును, అప్పుడతడు వినును. ఈ వెంగమాంబను తిరుమలలో ముత్యాల హారతి పేర అందరును తలతురు. ఆమె వేదాంతగ్రంథములను చదివినవారు కొద్దిమంది.

ప్రాచీన స్త్రీల చరిత్రలను తెలుగున వెదకి వ్రాయబూనిన మొదటి స్త్రీ భండారు అచ్చమాంబ. ఆమె 1874లో నందిగామ చేరువ పెనుగంచిప్రోలున జన్మించెను. బాల్యమున బడి లేదు, చిన్ననాడే వివాహమైనది. చరిత్రకారుడుగా పేరొందిన కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు ఆమె తమ్ముడు. అతడు చదువుకొనునప్పుడు అతనితోపాటు కూర్చుండి ఆమె తెలుగు, హిందీ నేర్చెను; పిమ్మట మరికొన్ని భాషలు స్వయంకృషిచే అలవరచుకొనెను. స్త్రీలు పుట్టుకతోనే బుద్ధిహీనులను వాదమును కోపముతో గాక దృష్టాంతములతో ఖండింపవలెనని ఆమె తలచి, దేశమున పలుచోట్ల పుట్టిన స్త్రీల చరిత్రలను ఏరి అబలా సచ్చరిత్ర రత్నమాల అను పేర వ్రాయసాగెను. మొదటి భాగము 1901లో వెలువడినది. దానియందు 30 మందికి పైగా స్త్రీల చరిత్రలున్నవి. ఆ గ్రంథమును ఆమె మూడు భాగములుగా తలపెట్టెను: మొదటిది చరిత్రకాలపు భారత స్త్రీలకు, మూడవది ఇతర దేశముల స్త్రీలకు, నడుమనున్న రెండవది వేద పురాణ బౌద్ధ కాలములవారికి. 1905లో ఆమె మరణించునాటికి వయస్సు 30 సంవత్సరములు. వేదకాలపు స్త్రీలకును బౌద్ధకాలపు స్త్రీలకును ఉద్దేశించిన ఆ రెండవ భాగము పూర్తి కాలేదు.